వెనీర్ అనగానే డూప్లికేట్ అనేస్తారేంటండీ?

[సైడ్‌బోర్డ్ పై చెక్క అంచు, క్లోజప్]

నమస్కారం అండీ. బాగుచేసిన పాత టేకు సైడ్‌బోర్డ్, అంటే గోడవారగా పెట్టే పొట్టి, పొడవాటి అలమర, అమ్మకానికి కనిపిస్తే మనవాళ్లు ముందు వేలితో తట్టి చూస్తారు. "ఓహ్, వెనీరా? డూప్లికేట్!" అని పెదవి విరిచేస్తారు. బర్మా టేకు దూలాలు చూసి పెరిగిన కళ్లు కదా, మందం ఉంటేనే చెక్క అనుకుంటాం.

పూతరేకు పల్చగా ఉందని అది బియ్యం కాదంటామా? వెనీరూ అంతే, నిజం టేకు దుంగ నుంచి తీసిన రేకు. డూప్లికేట్ అంటే చెక్క బొమ్మ అచ్చేసిన లామినేట్. 

1950, 60ల్లో డెన్మార్క్, ఇంగ్లండ్ సైడ్‌బోర్డులు చాలావరకు ఇలాగే చేశారు. ఇంగ్లండ్‌లోని హై వికంబ్ ఊళ్లో ఇ. గోమ్ కంపెనీ 1953లో మొదలుపెట్టిన జీ-ప్లాన్ బ్రాండు సామానూ అంతే. ఎందుకంటారా? 45 సెంటీమీటర్ల వెడల్పు టేకు పలక, గాలిలో తేమ మారితే అడ్డంగా రెండు మూడు మిల్లీమీటర్లు కదులుతుంది. హీటర్లు వేసే ఇళ్లలో అది పగులుతుంది, తలుపులు బిగుసుకుంటాయి. అందుకే లోపల బ్లాక్‌బోర్డ్ (బడిలో నల్లబల్ల కాదండోయ్, చెక్క పట్టీలు పక్కపక్కన అతికించిన పలక) గానీ చిప్‌బోర్డ్ (చెక్క పొట్టుని జిగురుతో నొక్కి చేసిన పలక) గానీ పెట్టి రెండువైపులా రేకు అతికించారు. ఒక్కవైపే అతికిస్తే పలక వంకర తిరుగుతుంది. కాళ్లు, పిడులు మాత్రం గట్టి చెక్కే.

[తలుపులు, క్లోజప్]

చెక్కలో సహజంగా ఉండే ఈ గీతలు చూడండి, ఒక తలుపు మీంచి పక్క తలుపు మీదికి తెగకుండా వెళ్తున్నాయి. ఒకే కుండ మీద వరసగా తీసిన రేకుల్లా, ఒకే దుంగ రేకుల్ని వరస తప్పకుండా పరిచారన్నమాట. మందం పలకలతో ఇది అంత తేలిక కాదండీ!

మరి అసలు భయపడాల్సింది దేనికి? సాండ్‌పేపర్‌కి. ఆ రోజుల రేకు మందం సుమారు 0.6 నుంచి 0.9 మిల్లీమీటర్లు, అంటే అటూ ఇటూగా ఏటీఎం కార్డంత. 80 నంబరు గరుకు కాగితం వేసిన సాండింగ్ మెషీన్ మూల దగ్గర కాసేపు ఆగితే చాలు, రేకు పోయి బెల్లం బయటపడుతుంది, అదే లోపలి చిప్‌బోర్డ్. దాన్ని ముదురు రంగు పాలిష్‌తో కప్పేసి అమ్ముతుంటారు. ఫోన్ టార్చ్ ఏటవాలుగా పట్టుకుని అంచులు, మూలలు చూడండి. గీతలు ఠక్కున ఆగిపోయి మచ్చ కనిపిస్తే బేరం వదిలేయండి.

గోటితో తడితే డొల్ల మోత వస్తోందా? అక్కడ రేకు లేచింది. గీతల వెంబడే బ్లేడుతో సన్నగా కోసి, లోపలికి సిరంజితో జిగురు ఎక్కించి, పైన మైనపు కాగితం, దాని మీద చెక్కముక్క పెట్టి రాత్రంతా క్లాంప్ బిగించాలి. రేకు పూర్తిగా ఊడి వస్తే అతికించే ముందు అసిటోన్‌తో తుడవండి, టేకులో నూనె ఉంటుంది, జిగురు పట్టదు. కింద చిప్‌బోర్డ్ నీళ్లకు ఉబ్బి ఉంటే మాత్రం మళ్లీ పాత మందానికి రాదు.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. తెల్లటి కప్పు మచ్చలు చాలాసార్లు పాలిష్‌లోనే ఉంటాయి, చెక్క దాకా పోవు, కంగారు పడకండి. వెనక పలక హార్డ్‌బోర్డ్ అయినా తప్పేం కాదు. పాత పాలిష్ తీసేశాక డేనిష్ ఆయిల్, అంటే చెక్కలోకి ఇంకే నూనె పాలిష్, రెండు మూడు పల్చటి పూతలు వేయండి, పది పదిహేను నిమిషాలకి మిగులు తుడిచేయండి. ఆ నూనెగుడ్డల్ని ఉండచుట్టి మూల పడేయొద్దు, వేడెక్కి వాటంతటవే అంటుకుంటాయి. విప్పి, ఆరుబయట విడివిడిగా ఆరేయండి.