కోళ్ల షెడ్డులో మామూలు ఫ్లూ చంపే ఫ్లూ ఎలా అవుతుంది?

నమస్తే అండి. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో, తణుకు దగ్గర వేల్పూరు, పెరవలి వైపు కానూరు, అక్కడ కోళ్లు కుప్పలుగా చచ్చిపోతుంటే శాంపిల్స్ భోపాల్ ల్యాబ్‌కి పంపారు, బర్డ్ ఫ్లూ అని తేలింది, గుర్తుందిగా. అప్పుడు ఎవర్ని అడిగినా ఒకటే మాట, వలస పక్షులు తెచ్చాయండీ అని. అబద్ధం కాదు గానీ అది సగం కథే. మిగతా సగం తెలియకుండా కొల్లేరు పక్షుల్ని తిడుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది, అందుకే ఈ వీడియో.

(స్క్రీన్ మీద: చెరువులో అడవి బాతులు)

అడవి బాతుల్లో ఈ ఫ్లూ వైరస్ ఎప్పట్నుంచో ఉంది. పేగుల్లో ఉంటుంది, రెట్టతో నీళ్లలోకి వస్తుంది, ఆ నీళ్లు తాగిన ఇంకో బాతుకి అంటుకుంటుంది. బాతుకి పెద్దగా ఏమీ అవ్వదు, బాతు బాగుండి ఎగిరితేనే కదా వైరస్ కూడా ఇంకో చెరువు చేరేది.

అదే వైరస్ షెడ్డులోకి వచ్చిందనుకోండి. వేలల్లో కోళ్లు, ఒకదాన్నొకటి ఆనుకుని. ఇక్కడ కోడి చచ్చిపోయినా వైరస్‌కి నష్టం లేదు, పక్క కోడి జానెడు దూరంలోనే ఉంది. పైగా దీని జన్యువులు ఆర్ఎన్ఏ, కాపీ అయ్యేటప్పుడు తప్పులు పడితే సరిదిద్దే ఏర్పాటు దీనికి లేదు. కోడి నుంచి కోడికి పాకేకొద్దీ కొత్త కొత్త తప్పులు, చాలావరకు పనికిరానివే, కానీ ఒక్కటి తగిలితే చాలు.

ఆ ఒక్కటి ఏంటో చూద్దాం. వైరస్ పైన హెచ్ఏ అని ఒక ప్రోటీన్ ఉంటుంది, హెచ్5, హెచ్7 అంటాం చూడండి, ఆ హెచ్ ఇదే. దీన్ని షాంపూ ప్యాకెట్ అనుకోండి, చించితేనే పనికొస్తుంది. మామూలు రకానికి చించే ఎంజైములు కోడి గొంతులోనూ పేగుల్లోనూ మాత్రమే దొరుకుతాయి, అందుకే జబ్బు అక్కడే ఆగుతుంది, గుడ్లు కాస్త తగ్గుతాయి అంతే. కానీ ఆ చించే చోట కొన్ని అమైనో ఆమ్లాలు, అంటే ప్రోటీన్ గొలుసులో పూసల్లాంటివి, ఎక్స్‌ట్రా వచ్చి చేరితే, ఒంట్లో ప్రతి అవయవంలో ఉండే ఫ్యూరిన్ అనే ఎంజైము కూడా చించేస్తుంది. ఇక గుండె, మెదడు, కాలేయం, ఏదీ మిగలదు. ఈ మార్పు సహజంగా హెచ్5, హెచ్7 రకాల్లోనే కనిపించింది, అదీ ఎక్కువగా పెంపుడు కోళ్లల్లో, టర్కీల్లో.

(స్క్రీన్ మీద: పెన్సిల్వేనియా, 1983)

నాకు ఎప్పుడూ గుర్తొచ్చే కేసు ఇది. అమెరికాలో పెన్సిల్వేనియా, 1983 ఏప్రిల్. కోళ్లల్లో హెచ్5ఎన్2 వచ్చింది (ఎన్ అంటే వైరస్ పైన ఉండే ఇంకో ప్రోటీన్), చావులు తక్కువే. అక్టోబర్ వచ్చేసరికి అదే వైరస్‌తో కొన్ని మందల్లో 80 శాతం పైన పోయాయి. చివరికి చచ్చినవి, జబ్బు ఆపడానికి చంపేసినవి కలిపి కోటీ 70 లక్షల దాకా పోయాయి. ఏప్రిల్ వైరస్‌నీ అక్టోబర్ వైరస్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తే, చిరిగే గాటు ఏప్రిల్‌లోనే సిద్ధంగా ఉంది, కాకపోతే దాని మీద చక్కెర అణువుల గొలుసు ఒకటి స్టిక్కర్ లాగా కప్పేసి ఉంది. ఒక్క చిన్న మార్పుతో ఆ స్టిక్కర్ ఊడిపోయింది. ఆరు నెలలు, అదే కోళ్లల్లో తిరుగుతూ తిరుగుతూ!

ఇప్పుడు మన గోదావరి జిల్లాల్లో వచ్చిన హెచ్5ఎన్1కి వద్దాం. దీని మూలం 1996లో చైనా గ్వాంగ్‌డాంగ్‌లో పెంపకంలో ఉన్న ఒక పెద్దబాతులో దొరికిన వైరస్. మరుసటి ఏడాది హాంకాంగ్‌లో 18 మంది మనుషులకి వచ్చింది, ఆరుగురు చనిపోయారు. 2005లో చైనాలోని చింగ్‌హై సరస్సు దగ్గర అడవి పక్షులు వేలల్లో రాలిపోయాయి, 2006లో మన దేశానికి, మహారాష్ట్రలోని నవాపూర్‌కి వచ్చింది. అంటే ఈ చంపే రకం పెంపుడు పక్షుల్లోంచి అడవి పక్షులకి వెళ్లింది, అవి మళ్లీ మోసుకొచ్చాయి. అవీ చచ్చిపోయాయి పాపం.

ఇంకోటి, ఈ వైరస్ జన్యువులు ఎనిమిది విడి ముక్కలు. ఒకే కోడిలో రెండు రకాలు కలిస్తే రైలు బోగీలు మార్చుకున్నట్టు ముక్కలు మార్చుకుంటాయి. హెచ్9ఎన్2 అని కోళ్లల్లో తిరిగే నెమ్మది రకం ఉంది, పెద్దగా చంపదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. 2013లో చైనాలో మనుషులకి సోకిన హెచ్7ఎన్9కి లోపలి ఆరు ముక్కలు దాన్నుంచే వచ్చాయి. ఆ హెచ్7ఎన్9 కోళ్లల్లో మొదట చప్పుడే చేయలేదు, 2016-17 వచ్చేసరికి కోళ్లని చంపే రకంగా మారింది, పైన చెప్పిన ఆ చిరిగే గాటు దగ్గరే మార్పు.

కాబట్టి రైతు సోదరులు, గుడ్లు ఒక్కసారిగా తగ్గినా, మేత తినకపోయినా, చావులు మొదలయ్యేదాకా ఆగకండి, పశువైద్యాధికారికి ఫోన్ చేయండి. కోడి గొంతులోంచి, మలద్వారం దగ్గర్నుంచి స్వాబ్ తీసి పంపిస్తారు. ల్యాబ్‌లో ముందు హెచ్5 గానీ హెచ్7 గానీ ఉందా అని చూస్తారు, ఉంటే ఆ చిరిగే చోట జన్యువు అక్షరాలు ఎలా ఉన్నాయో చదివి, చంపే రకమో కాదో చూస్తారు.