సాయంత్రం ఆరు దాటితే ఆఫీసు ఫోన్లో మాట ఎందుకు తెగుతుంది?

[స్క్రీన్: రిసెప్షన్ టేబుల్ మీద ఐపీ ఫోన్. గోడ గడియారంలో 6:10.]

“హలో... హలో... మీ మాట తెగిపోతోందండీ.”

ఒక చిన్న ఆస్పత్రి అపాయింట్‌మెంట్ డెస్క్‌లో రోజూ సాయంత్రం ఇదే టెన్షన్. వాళ్లది ఇంటర్నెట్ మీద నడిచే ఐపీ ఫోన్. ఇక్కడ ఒకటి గమనించండి. అవతలివాళ్ల మాట మనకు శుభ్రంగా వినిపిస్తోంది, మన మాటే వాళ్లకు తెగుతోంది. అంటే ఇబ్బంది అప్‌లోడ్ వైపు ఉంది.

నన్ను పిలిచేసరికే వాళ్లు ఇంకా పెద్ద ఇంటర్నెట్ ప్లాన్ తీసుకోవడానికి సిద్ధంగా ఉన్నారు. ఒక్క రోజు ఆగమన్నాను. ముందు లెక్క చూద్దాం.

[స్క్రీన్: ఫోన్ నుంచి ఒక్కొక్కటిగా బయల్దేరుతున్న చిన్న ప్యాకెట్లు.]

మాటను డిజిటల్‌గా మార్చే పద్ధతిని కోడెక్ అంటారు. జీ.711 అనే కోడెక్‌లో మాట మామూలుగా సెకనుకు 50 ప్యాకెట్లుగా, అంటే చిన్న డేటా మూటలుగా, బయల్దేరుతుంది. ఒక్కోదాంట్లో 20 మిల్లీసెకన్ల మాట, 160 బైట్లు. ప్యాకెట్ మీద చిరునామా లాంటి వివరాలు ఉండే హెడర్లన్నీ కలిపితే ఈథర్నెట్ కేబుల్ మీద ఒక కాల్‌కు సుమారు 87 కేబీపీఎస్, అంటే సెకనుకు 87 కిలోబిట్లు. పది కాల్స్ ఒకేసారి నడిచినా 1 ఎంబీపీఎస్ (1000 కేబీపీఎస్) దాటదు. వాళ్ల అప్‌లోడ్ 20 ఎంబీపీఎస్. మరి మాట ఎక్కడ ఆగుతోంది?

క్యూలో.

ఆరింటికి సీసీ కెమెరాల రికార్డింగ్ క్లౌడ్‌కి ఎక్కడం మొదలవుతుంది. లైన్ ఎంత ఇస్తే అంతా అది వాడేసుకుంటుంది. లైన్‌లో పట్టనిది మోడెమ్ బఫర్‌లో, అంటే దాని తాత్కాలిక నిల్వలో, పేరుకుంటుంది. 1 మెగాబైట్, అంటే 8 మెగాబిట్లు, పేరుకుందనుకోండి, 20 ఎంబీపీఎస్ మీద అది ఖాళీ కావడానికి 400 మిల్లీసెకన్లు. వెనకాల వచ్చిన మాట అంతసేపూ నిలబడాల్సిందే. అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ వారి జీ.114 సిఫార్సు ప్రకారం మాట అవతలికి చేరడానికి 150 మిల్లీసెకన్ల లోపు పడితేనే సంభాషణ హాయిగా సాగుతుంది.

బ్యాకప్ కాస్త ఆలస్యమైనా నష్టం లేదు. దారిలో పోయిన ప్యాకెట్‌ను, బ్యాకప్ వాడే టీసీపీ అనే పద్ధతి మళ్లీ పంపుతుంది. మాటకు ఆ వీలు లేదు. బంతి లేచిపోయాక పప్పు తెచ్చి ఎవరికి వడ్డిస్తాం? ఆలస్యంగా వచ్చిన మాట ప్యాకెట్‌ను ఫోన్ పారేస్తుంది, అంతే.

[స్క్రీన్: ప్యాకెట్ హెడర్. అందులో 46 అంకె వెలుగుతుంది.]

అందుకే మాట ప్యాకెట్‌కు ఒక గుర్తు వేస్తారు. ఐపీ హెడర్‌లో డీఎస్‌సీపీ 46, దీన్నే ఈఎఫ్ అంటారు. “నన్ను ముందు పంపండి” అని దాని అర్థం. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆ ఆస్పత్రి ఫోన్లు అప్పటికే 46 వేస్తున్నాయి! అయినా మాట తెగింది. క్యూ పేరుకున్నది మోడెమ్‌లో. ఆ మోడెమ్ ఈ గుర్తు వైపు చూడనే చూడదు.

కాబట్టి క్యూని మన చేతిలోకి తెచ్చుకోవాలి. రౌటర్‌లో షేపింగ్ పెట్టి, బయటికి వెళ్లేదాన్ని 18 ఎంబీపీఎస్‌కి కట్టడి చేశాను. ఆ 2 వదులుకోవడానికి మనసొప్పదు, నాకు తెలుసు. కానీ అప్పుడే మోడెమ్ ఖాళీగా ఉండి, రద్దీ మన రౌటర్‌లో ఆగుతుంది. అక్కడ 46 ఉన్నదాన్ని ప్రయారిటీ క్యూలో ముందు పంపమని చెప్పాను.

ఆ క్యూకీ ఒక హద్దు పెట్టండి. మొత్తం లైన్‌లో 33 శాతం మించవద్దని నెట్‌వర్క్ పరికరాల కంపెనీ సిస్కో సూచిస్తుంది. ఈ ఆఫీసుకైతే 2 ఎంబీపీఎస్ ధారాళంగా సరిపోతుంది. హద్దు లేకపోతే, ఏ ల్యాప్‌టాప్ అయినా తన అప్‌లోడ్‌కి 46 వేసుకుని అందరినీ ఆపేయగలదు.

వైఫై మీద మాట్లాడేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. కొన్ని పరికరాలు 46లోని మొదటి మూడు బిట్లనే చదివి, మాటను వీడియో వరసలో పడేస్తాయి. దాన్ని వాయిస్ వరసలో పెట్టాలని 2018లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 8325 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం చెబుతోంది. మీ యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే పెట్టె) సెట్టింగ్స్ ఒకసారి తెరిచి చూడండి.

[స్క్రీన్: అదే టేబుల్. గడియారంలో 6:10. వెనకాల బ్యాకప్ నడుస్తోంది.]

మర్నాడు సాయంత్రం బ్యాకప్ ఆపనివ్వలేదు. అది నడుస్తుండగానే నా మొబైల్ నుంచి డెస్క్‌కి ఫోన్ చేశాను. “చెప్పండి సార్, ఏ డాక్టర్ గారికి అపాయింట్‌మెంట్ కావాలి?” అని ఒక్క అక్షరం పోకుండా వినిపించింది.