ఏసీ కొనే ముందు ఇంటిని కొలుద్దాం

నమస్కారం. ఎండలు ముదరగానే చెన్నైలోని మన తెలుగువాళ్లు, ముఖ్యంగా పై అంతస్తులో ఉండేవాళ్లు, నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "ఏ ఏసీ కొనమంటారు?" ఈ వీడియోలో ఏ ఏసీ పేరూ చెప్పను. ఇల్లు కరెంటును ఎక్కడ తింటోందో, వేడిని ఎటునుంచి రానిస్తోందో ముందు కొలుద్దాం. ఫోనులో స్టాప్‌వాచ్, గదిలో పెట్టే థర్మామీటర్, తాకకుండా గురిపెడితేనే గోడ, సీలింగ్ వేడిని చూపే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్, బకెట్, అగరువత్తి ఉంటే చాలు. కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టిన పరికరం చాలావరకు పనికిరాదు. అది జ్వరం చూడటానికి చేసింది, స్లాబు కోసం కాదు.

ఇది పెరంబూరులో మా పిన్ని ఇల్లు. పైన డాబా తప్ప ఇంకేమీ లేదు.

[తెర మీద: మీటరు దగ్గరగా]

ఈ ఎర్ర దీపం మిణుకుమనడం చూశారా? పక్కన 3200 అని అచ్చు వేసి ఉంది. అంటే దీపం 3200 సార్లు వెలిగితే ఒక యూనిట్ కాలినట్టు. నిమిషానికి ఎన్నిసార్లు వెలిగిందో లెక్కపెట్టి 18.75తో హెచ్చించండి. ఆ సమయంలో ఇల్లు వాడుతున్న వాట్లు వస్తాయి. మీ మీటరు మీద 1600 అని ఉంటే 37.5తో హెచ్చించాలి. వాడకం తక్కువగా ఉన్నప్పుడు అయిదు నిమిషాలు లెక్కపెట్టి అయిదుతో భాగిస్తే సరిగ్గా వస్తుంది.

ఇప్పుడు లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్ అన్నీ ఆపేశాం. అయినా దీపం నిమిషానికి నాలుగుసార్లు వెలుగుతోంది. అంటే 75 వాట్లు. "అన్నీ కట్టేశాను కదమ్మా!" అంటోంది పిన్ని. కట్టింది రిమోట్‌తో. టీవీ పెట్టె, ఇంటర్నెట్ రూటర్, మూలనున్న ఇన్వర్టర్ మేలుకునే ఉన్నాయి. బ్యాటరీ పాతబడిన ఇన్వర్టర్ ఊరికే గుంజుతూ ఉంటుంది. 75 వాట్లు రాత్రింబవళ్లు నడిస్తే రెండు నెలల్లో 108 యూనిట్లు. ఇక్కడ రీడింగ్ తీసేది రెండు నెలలకొకసారి. మొత్తం 500 యూనిట్లు దాటితే పైన వాడినవాటికే కాదు, కింది మెట్లలోని కొన్ని యూనిట్లకు కూడా ధర మారుతుంది. గీతకు అటూ ఇటూ ఊగే ఇంటికి ఈ 108 చిన్న సంఖ్య కాదు.

ఇక ఒక్కొక్క స్విచ్చే వేస్తూ లెక్కపెట్టండి. పాత సీలింగ్ ఫ్యాన్ దాదాపు 75 వాట్లు తింటుంది, తక్కువ కరెంటు తినే మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర ఆగుతుంది. 2023 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు స్టార్ లేబుల్ తప్పనిసరి, కాబట్టి కొనేటప్పుడు అది చూడండి. దీని గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

అసలు కథ పైకప్పుది. దాన్ని మధ్యాహ్నం కొలవకండి. కాంక్రీటు పగలంతా ఎండను తాగి, సాయంత్రానికి గాని లోపలికి వదలదు. సముద్రపు గాలి వీచి వీధి చల్లబడ్డాక కూడా పడకగది ఉడికిపోయేది అందుకే. రాత్రి ఏడు, ఎనిమిది గంటల మధ్య, ఫ్యానూ ఏసీ అరగంట ఆపి, సీలింగ్‌ను అయిదారు చోట్ల కొలిచి సగటు తీయండి. గది గాలిని మామూలు థర్మామీటర్‌తో చూడండి. ఈ గదిలో సీలింగ్ 39 డిగ్రీలు, గాలి 33. గోడ మాత్రం 34. సీలింగ్‌కూ గాలికీ మధ్య తేడాలోని ప్రతి డిగ్రీకి చదరపు మీటరుకు సుమారు 6 వాట్ల వేడి దిగుతున్నట్టు లెక్క. ఆరు డిగ్రీలంటే 36 వాట్లు. గది 12 చదరపు మీటర్లు కాబట్టి, మొత్తం 430 వాట్ల వేడి నెత్తిమీద కుమ్మరిస్తోంది. ఒక టన్ను ఏసీ బయటికి తోడగలిగేది దాదాపు 3500 వాట్లు. అందులో ఎనిమిదో వంతు ఈ స్లాబుకే సరి. ఏసీ మార్చినా ఆ వేడి అలాగే దిగుతుంది.

ఇళ్లలో కరెంటు పొదుపు కోసం 2018లో వచ్చిన నియమావళి ఎకో నివాస్ సంహిత ప్రకారం లోపలికీ బయటికీ ఒక డిగ్రీ తేడా ఉంటే పైకప్పులోంచి చదరపు మీటరుకు 1.2 వాట్లకు మించి రాకూడదు. పైన ఏమీ వేయని ఆరంగుళాల స్లాబుకు అది మూడు దాటుతుంది.

ఇక తేమ. చెన్నైలో ఏసీ గాలిని చల్లబరచడమే కాదు, నీటిని పిండాలి కూడా. తలుపులు మూసి, వంటింటి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, కిటికీ అంచుల దగ్గర, ఏసీ పైపు రంధ్రం దగ్గర అగరువత్తి పట్టుకోండి. పొగ లోపలికి వంగిన చోటల్లా బయటి తేమ వస్తున్నట్టే. అది ఎంతో తెలియాలంటే రాత్రంతా ఏసీ డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టండి. ఒక లీటరు నీటిని పిండటానికి దాదాపు 0.68 యూనిట్ల వేడిని తోడాలి. మంచి ఏసీకైనా కరెంటులో అది 0.2 యూనిట్ల దాకా అవుతుంది. మన ఊపిరి తేమ కూడా ఆ బకెట్లోనే ఉంటుంది, కాబట్టి సున్నా రాదు. సందులు మూసిన తరువాత, అదే మంది పడుకున్న రాత్రి, ఏసీని అంతే ఉష్ణోగ్రతలో పెట్టి, అన్ని గంటలే నడిపి మళ్లీ కొలవండి.

కరెంటు బిల్లులతో మాత్రం తొందరపడి తీర్పు చెప్పకండి. మే నెల కత్తిరి ఎండల బిల్లును కార్తీక మాసపు బిల్లుతో పోలిస్తే ఏ పెయింటైనా అద్భుతంలాగే కనిపిస్తుంది.

పెయింటు అన్నాం కాబట్టి, తెల్లటి కూల్ రూఫ్ పెయింటు డాబా అంతటికీ ఒకేసారి వేయించకండి. ఒక గది మీదే వేయించి, అంతే ఎండపడే పక్కగది వదిలేయండి. పని మొదలుపెట్టే ముందు ఒక సాయంత్రం, పెయింటు ఆరాక మరో సాయంత్రం, రెండు సీలింగ్‌లనూ ఒకే గంటలో కొలవండి. ముందు ఇంచుమించు సమానంగా ఉన్న గదులు ఇప్పుడు రెండు మూడు డిగ్రీలు విడిపోతే మిగతా సగానికీ మేస్త్రీని పిలవండి. కదలకపోతే డబ్బాలో మిగిలింది తిరిగి ఇచ్చేయవచ్చేమో దుకాణంలో అడగండి. వానాకాలం నాచు పట్టి తెలుపు నల్లబడితే ఎండను తిప్పికొట్టే గుణం తగ్గుతుంది. అందుకే ఫిబ్రవరిలో చీపురుతో రుద్ది కడిగించి, అప్పుడు మరోసారి కొలవండి.