రక్తంలో క్యాన్సర్ డిఎన్‌ఏ లేదంటే ఇక భయం లేనట్టేనా?

నమస్కారం. పోయిన వీడియో కింద ఒకరు ఇలా అడిగారు: "నాన్నగారికి కడుపు క్యాన్సర్ ఆపరేషన్ అయింది. రక్తంలో డిఎన్‌ఏ టెస్టు నెగెటివ్ వచ్చింది. ఇంక స్కాన్లు ఎందుకు?" ఆ ప్రశ్న చదివాక ఈ వీడియో చేయకుండా ఉండలేకపోయాను.

కణాలు చనిపోయినప్పుడు వాటి డిఎన్‌ఏ ముక్కలై రక్తంలో కలుస్తుంది. రక్తంలో ఇలా డిఎన్‌ఏ ఉంటుందని 1948లోనే తెలిసింది. క్యాన్సర్ కణాలూ అంతే. వాటి ముక్కల మీద ఆ గడ్డకే ఉన్న మార్పులుంటాయి, మిథైలేషన్ అనే రసాయన గుర్తులుంటాయి. టెస్టు వెతికేది వాటినే. ఈ ముక్కలు రక్తంలో ఎక్కువసేపు నిలవవు, రెండు మూడు గంటల్లోపే సగం పోతాయి. అందుకే ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు కూడా అవి కనిపిస్తే, ఎక్కడో మిగిలిన క్యాన్సర్ వాటిని ఇంకా వదులుతోందన్నమాట. చాలామందిలో స్కాన్‌లో గడ్డ కనబడటానికి నెలల ముందే ఈ సంకేతం వస్తుంది. ఇది నిజంగా గొప్ప విషయం.

అయితే శాంపిల్ దగ్గరే తేడా రావచ్చు. మామూలు ట్యూబులో రక్తాన్ని ఎక్కువసేపు ఉంచితే తెల్లకణాలు పగులుతాయి. వాటి డిఎన్‌ఏ వరదలా వచ్చి కలిస్తే, అసలే పిసరంత ఉన్న క్యాన్సర్ ముక్కలు అందులో మునిగిపోతాయి. ఆపరేషన్ అయిన తొలి రోజుల్లోనూ ఇదే ఇబ్బంది, గాయం మానుతూ బోలెడు డిఎన్‌ఏ వదులుతుంది. వయసు మీదపడ్డవాళ్ల రక్తకణాల్లో సహజంగా వచ్చే మార్పులు కూడా క్యాన్సర్‌లా కనబడి కంగారు పెట్టగలవు. అందుకే మంచి ల్యాబులు తెల్లకణాల డిఎన్‌ఏని కూడా విడిగా చదివి పోల్చి చూస్తాయి.

ఇప్పుడు అసలు చిక్కు. పొట్ట లోపల అవయవాలను కప్పి పెరిటోనియం అనే పల్చటి పొర ఉంటుంది. కడుపు క్యాన్సర్ తరచుగా తిరిగొచ్చేది అక్కడే. లివర్‌కి పాకిన క్యాన్సర్ రక్తంలోకి డిఎన్‌ఏ బాగానే వదులుతుంది. ఈ పొర మీద చల్లినట్టు పరుచుకున్నది మాత్రం చాలా తక్కువ వదులుతుంది. అంటే క్యాన్సర్ ఉండి కూడా రిపోర్టు నెగెటివ్ రావచ్చు.

2022లో ఫలితాలు వచ్చిన డైనమిక్ అనే ట్రయల్‌లో, అంటే రోగుల మీద చేసిన పరిశోధనలో, రెండో దశ పెద్దపేగు క్యాన్సర్‌కి ఈ టెస్టును బట్టి నడిస్తే కీమో తీసుకున్నవాళ్లు 28 శాతం నుంచి 15 శాతానికి తగ్గారు, అయినా జబ్బు తిరగబెట్టడం పెరగలేదు. కానీ దాన్ని తెచ్చి కడుపు క్యాన్సర్‌కి అతికించడం సరికాదు, రెండూ పాకే తీరు వేరు.

కాబట్టి అడిగినవారికి నా జవాబు: నెగెటివ్ రావడం మంచి కబురే, నాన్నగారికి ధైర్యంగా చెప్పండి. రక్తం ఆపరేషన్ అయిన ఎన్నాళ్లకు తీశారో డాక్టరు గారిని అడగండి. స్కాన్ తేదీ మాత్రం వదులుకోకండి.