పశువు మందు, పేడపురుగు, పాలపిట్ట

అందరికీ నమస్కారం. కనిగిరి, పొదిలి చుట్టుపక్కల నుంచి ఇంతమంది పశువులున్నవాళ్లు వచ్చారు కాబట్టి ఈపూట పేడ గురించే మాట్లాడతాను. నవ్వండి, ఫర్వాలేదు.

పురుగులు తగ్గాయనగానే మిరప మీద, పత్తి మీద కొట్టే మందులే గుర్తొస్తాయి. నిజమే. విత్తనానికి పట్టించే ఇమిడాక్లోప్రిడ్ పురుగు నరాల మీద నికోటిన్ లాగానే పనిచేస్తుంది. పొగాకు పండించే జిల్లాకి నికోటిన్ సంగతి నేను చెప్పాలా! కానీ పశువుకు వేయించే మందు ఊసు ఎవరూ ఎత్తరు.

గోమార్లకనీ, కడుపులో పాములకనీ ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ వేయిస్తాం. అందులో చాలా భాగం పేడలోనే బయటికి వస్తుంది. వాన పడ్డాక ఒక పేడకడి పక్కన కూర్చుని చూడండి. పేడపురుగు ముద్ద కోసి, ఉండ చేసి, తల్లకిందులుగా నిలబడి వెనక కాళ్లతో నెట్టుకుంటూ పోతుంది. మెత్తటి నేల దొరికితే పూడ్చి, ఆ ఉండలోనే గుడ్డు పెడుతుంది. పిల్లపురుగు తిండి ఆ ఉండే. మందున్న పేడైతే పిల్ల ఎదగక అందులోనే చస్తుంది. ఇంజెక్షన్ తర్వాత కొన్ని వారాల దాకా ఈ ప్రమాదం ఉంటుంది. లాగే పురుగు లేక పేడ అట్టకట్టి పడి ఉంటుంది, దానికింద గడ్డి లేవదు.

పాలపిట్ట తిండి పేడపురుగు లాంటి పెంకుపురుగులు, మిడతలే. పసుల పోలిగాడు గేదె వీపెక్కేది సరదాకి కాదు, గేదె కాళ్లకింద లేచే మిడతల కోసం. పిచ్చుక, గిజిగాడు గింజలు తినేవే అయినా గూట్లో పిల్లలకి పెట్టేది పురుగులే. పురుగు లేకపోతే కళ్లం నిండా జొన్నలున్నా వాటి పిల్లలు బతకవు. నా దిగులంతా అదే. జర్మనీలో 63 రక్షిత ప్రాంతాల్లో 27 ఏళ్ల పాటు వలలు పెట్టి తూచారు. ఎగిరే పురుగుల బరువు నాలుగింట మూడు వంతులకు పైగా పడిపోయింది. రక్షిత ప్రాంతాల్లోనే అలా!

కనిగిరి, పొదిలి నెల్లూరు జిల్లాలో ఉన్న రోజుల్లో జెర్డాన్ దొర నెల్లూరులో సివిల్ సర్జన్. 1851లో దక్షిణ భారతదేశపు చీమల జాబితా అచ్చువేసిన మనిషి. అంతటివాడు ఇక్కడి జీవాల సంగతులు యానాదుల్ని అడిగి తెలుసుకున్నాడు. ఇప్పుడైనా పురుగు ఎక్కడ తగ్గిందో ముందు తెలిసేది కాపరులకే, నాలాంటివాళ్లకి కాదు.

మందు మానేయమనడం లేదు. పేడ పరీక్ష చేయించి, అవసరమైన పశువుకే వేయించండి. పేడపురుగులు బయటికొచ్చే తొలకరిలో మందంతా ఒకేసారి వద్దు. వేయించిన పశువును కొన్నాళ్లు బీడుకు తోలకుండా కొట్టంలోనే కట్టేయండి.

గొర్రెలకి తాగించే మందుల లెక్క వేరు. కాబట్టి ముందు గొర్రెల కాపరులు అడగండి.