ఆయమ్మ రాలేని రోజు: మహమ్మారి కాలంలో ఇంటి వద్ద సంరక్షణ

సభకు నమస్కారం.

2020 మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైనప్పుడు, విశాఖపట్నంలో మంచం పట్టిన పెద్దలున్న ఎన్నో ఇళ్లకు రోజూ వచ్చే మనిషి ఆ ఉదయం రాలేదు. ఆరిలోవ నుంచి ఎంవీపీ కాలనీకి, కంచరపాలెం నుంచి సీతమ్మధారకు సిటీ బస్సులోనో షేర్ ఆటోలోనో వచ్చి, ముఖం కడిగి, పక్క మార్చి, జావ తాగించి, మూత్రపు సంచి ఖాళీ చేసే ఆమెను మనం ఆయమ్మ అంటాం. బస్సులూ ఆటోలూ ఆగిపోయాయి. నడిచి వద్దామన్నా, చెక్‌పోస్టు దగ్గర చూపించడానికి ఆమె చేతిలో ఏ కాగితమూ లేదు. ఇళ్లలో వృద్ధులను చూసుకునే సహాయకులకు కూడా మినహాయింపు వర్తిస్తుందని కేంద్ర హోంశాఖ స్పష్టం చేసింది ఏప్రిల్ 21న, అంటే 27 రోజుల తరువాత. ఒకే పక్కన కదలకుండా పడుకున్న మనిషి నడుము కింద చర్మం కమలడానికి కొన్ని గంటలు చాలు.

నేను ఇళ్లకు వెళ్లి ఫిజియోథెరపీ చేస్తాను. పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన వేళ్లను ఆ మార్చి నెల నాటికి గ్లాసు పట్టుకునేంత వరకు తీసుకురాగలిగాము. మళ్లీ ఆ గుమ్మం తొక్కేసరికి ఆ చెయ్యి పిడికిలిగా బిగుసుకుపోయి ఉంది. ఇంట్లోవారు ప్రేమలో లోటు చేయలేదు, అన్నం వేళకు పెట్టారు, మందులు వేళకు వేశారు. కాని ఆ వేళ్లను ఎలా చాపాలో వారికి ఎవరూ నేర్పలేదు. నేర్పవలసిన వాణ్ణి నేనే. ఆ సంగతి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అందుకే, మహమ్మారి వేళ సంరక్షణ గురించి మాట్లాడేటప్పుడు మాస్కుల కంటే, శానిటైజర్ల కంటే ముందు ఆయమ్మ గురించి మాట్లాడాలని నా అభిప్రాయం. రోజుకు మూడు నాలుగు ఇళ్లు తిరిగే మనిషి, తన తప్పు ఏమీ లేకుండానే, ఒక ఇంటి జబ్బును మరో ఇంటికి మోయగలదు. కాబట్టి ఒక ఆయమ్మ ఒకే ఇంటికి వెళ్లడం, లేదా పదిహేను రోజులు ఆ ఇంట్లోనే ఉండి తరువాతి పదిహేను రోజులు మరొకరికి అప్పగించడం మంచి పద్ధతి. అయితే నాలుగు ఇళ్ల జీతంతో బతికే మనిషిని ఒక ఇంటికి పరిమితం చేస్తే, ఆమె ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? మిగతా మూడు ఇళ్లవారూ తమ వంతు జీతంలో కొంతైనా ఇస్తూ ఉండాలి. జ్వరం వచ్చిన రోజు సెలవు పెడితే కూలి పోతుందన్న భయం ఉన్నంతకాలం ఎవరూ తమ జ్వరం సంగతి బయటపెట్టరు. జబ్బు సెలవుకు జీతం ఇవ్వడాన్ని దయగా కాక, మంచంలో ఉన్న మనిషికి వేసే మొదటి రక్షణగా చూడాలి.

ఇంటివారి వంతు కూడా ఉంది. ప్రతి ఇంట్లో కనీసం ఇద్దరు రెండు గంటలకొకసారి పక్క మార్చడం, దుప్పటితో జరపడం, ముక్కు గొట్టం ద్వారా ఆహారం ఇచ్చేటప్పుడు తల ఎత్తి ఉంచడం, మింగడం కష్టమైనవారికి చిక్కని జావను చెంచాతో పట్టడం చేతితో చేసి నేర్చుకొని ఉండాలి. వీడియో కాల్‌లో ఇవి కొంతవరకే నేర్పగలం. ఫోన్‌ను ముఖం మీద కాక పాదాలు కనిపించేలా నేల మీద ఆనించి పెడితే నడకను చూడగలను గాని, తూలిపడే మనిషిని అవతల నుంచి పట్టుకోలేను. అందుకే మొదటి రాక ముఖాముఖిగానే ఉండాలి, తరువాతివి ఫోన్‌లో సాగించవచ్చు.

పెద్దవారిలో జబ్బు ఎప్పుడూ జ్వరంతోనే మొదలుకాదు. ఉన్నట్టుండి మతి తప్పినట్టు మాట్లాడటం, తిండి మానేయడం, పగలంతా మగతగా పడి ఉండటం తొలి గుర్తులు కావచ్చు. ఆక్సీమీటర్‌లో 94 కంటే తగ్గితే డాక్టరుకు చెప్పాలని అందరికీ తెలిసిపోయింది గాని, గోరింటాకు గాని నెయిల్ పాలిష్ గాని ఉన్న వేలికి, చల్లబడిన వేలికి అది తప్పు అంకె చూపవచ్చని చాలామందికి తెలియదు. ఇక మన ఊరి ఉక్కకు ఏసీ వేసి తలుపులన్నీ బిగించడం కంటే, సముద్రం వైపు కిటికీ తెరిచి ఫ్యాను వేయడం మేలు.

మాస్కు గురించి ఒక మాట. పెదవుల కదలికను చూసి మాట గ్రహించే బధిరులకు మాస్కు మాటనే మూసేసింది. మతిమరుపు వ్యాధి ఉన్న పెద్దలు మాస్కు కట్టుకున్న మనిషిని చూసి ఎవరో పరాయివారనుకొని భయపడ్డారు. గుమ్మం దగ్గర దూరంగా నిలబడి ముందు ముఖం చూపించి, పేరు చెప్పి, వారు గుర్తుపట్టాక మాస్కు వేసుకుంటే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. మోచేతిలోకి దగ్గమని అందరికీ చెప్పాం గాని, అంధులు తోడు వచ్చేవారి మోచేతినే పట్టుకొని నడుస్తారని ఎవరికీ తట్టలేదు. భుజం పట్టుకొమ్మంటే సరిపోయేది. అంధులను ముందే అడిగి ఉంటే వారే చెప్పేవారు. వికలాంగులైన వయోజనులు రోగులు కారు. తమకు ఎవరు, ఎలా సాయం చేయాలో నిర్ణయించుకొనే హక్కు వారిది. విపత్తు వేళ వారికి సమాన రక్షణ కల్పించాలని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 8వ సెక్షన్ చెబుతున్నది.

గుమ్మం దాకా సాయం అందించడం మనకు చేతకానిది కాదు. 2020 ఫిబ్రవరి 1 నుంచే మన రాష్ట్రంలో వలంటీర్లు పింఛనును గుమ్మం దగ్గరకు తెచ్చి ఇచ్చారు. లాక్‌డౌన్ రాగానే వేలిముద్ర బదులు ఫొటో తీసుకొని ఆ పనిని కొనసాగించారు. టీకా విషయంలో మాత్రం, 60 ఏళ్లు దాటినవారికి 2021 మార్చి 1న మొదలుపెట్టి, ఇల్లు కదలలేనివారికి ఇంటి వద్దే వేయవచ్చని కేంద్రం ప్రకటించేసరికి సెప్టెంబరు వచ్చింది. అందరికంటే ముందు అవసరమైనవారు వరుసలో చివర నిలబడ్డారు.

ఆ 2020లోనే, మే 7 తెల్లవారుజామున, మన విశాఖలోని ఆర్‌ఆర్ వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనపు ఆవిరి కమ్ముకున్నప్పుడు జనం చీకట్లో పరుగెత్తారు. పరుగెత్తలేనివారి సంగతి ఏమిటని ఆ రోజు నుంచి నాలో ఒక ప్రశ్న మిగిలిపోయింది. ఏ ఇంట్లో, ఏ అంతస్తులో, ఎత్తి తీసుకుపోవలసిన మనిషి ఉన్నారో, ఎవరికి ఆక్సిజన్ యంత్రం నడవాలో, ఆయమ్మ రాకపోతే ఎవరు వెళ్లాలో తెలిపే జాబితా, ఆ ఇంటివారి సమ్మతితో, ప్రతి వార్డు సచివాలయంలో ఉండాలి. ఆరు నెలలకొకసారి దాన్ని సరిచూడాలి. ఆయమ్మల పేర్లు కూడా అందులో చేర్చి, ఇంకో లాక్‌డౌన్ వస్తే మొదటి రోజే చెక్‌పోస్టు దాటే కాగితం వారికి అందేలా చూడాలి.

బయట బల్ల మీద కొన్ని చిన్న పుస్తకాలు పెట్టాము. మొదటి పేజీలో మందులు, వాటి వేళలు, డాక్టరు ఫోన్ నంబరు రాయడానికి చోటు ఉంది. రెండో పేజీలో ఆ మనిషి ఏ పక్కకు తిరిగితే నొప్పి పడతారో, ఏ మాటకు నవ్వుతారో, అన్నం ఎంత మెత్తగా కలపాలో రాయాలి. కొత్త మనిషి వచ్చి నిలబడినప్పుడు ఎక్కువగా అక్కరకొచ్చేది ఆ రెండో పేజీయే. దాన్ని మీ ఆయమ్మను పక్కన కూర్చోబెట్టుకొని, ఆమె చెబుతుండగా మీరు రాయండి.