ఎనభై ఏళ్లవాళ్లు ఒక్కరే బజారుకెళ్లి రాగలరా?

శ్రోతలందరికీ నమస్కారం.

రోడ్డు దాటడం దగ్గర మొదలుపెడతాను. సిగ్నల్ దగ్గర నడిచేవాళ్లకి ఎంత టైమ్ ఇవ్వాలో లెక్క కట్టేటప్పుడు మన ఇంజనీర్లు మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని అనుకుంటారు. రోడ్డు వెడల్పు 18 మీటర్లుంటే 15 సెకన్లలో దాటేయాలన్నమాట. పాతికేళ్ల కుర్రాడికి అది కావలసినంత టైమ్. మోకాళ్లు అరిగిన పెద్దావిడ సెకనుకి 0.8 మీటర్లు నడిస్తే గొప్ప. ఆ 15 సెకన్లలో ఆవిడ 12 మీటర్లే వస్తారు. ఇంకా 6 మీటర్లు మిగిలుండగానే లైటు మారిపోతుంది, హారన్లు మొదలవుతాయి. ఇది సిగ్నల్ ఉన్నచోటి సంగతి. లేనిచోట చెయ్యి ఊపుకుంటూ, దేవుడి మీద భారం వేసి దాటడమే.

సింగపూర్‌లో 2009లో ఒక ఏర్పాటు మొదలైంది. పెద్దవాళ్లు తమ రాయితీ కార్డుని సిగ్నల్ స్తంభానికున్న పెట్టెకి ఆనిస్తే, నడవమని చెప్పే ఆకుపచ్చ బొమ్మ ఇంకాసేపు వెలుగుతుంది. రోడ్డు వెడల్పుని బట్టి 3 నుంచి 13 సెకన్లు అదనం. దీనికోసం ఫ్లైఓవర్లేమీ కట్టలేదు.

నగరంలో పెద్దవాళ్ల గురించి మాట వస్తే మన చర్చ వృద్ధాశ్రమాల మీదికో, పింఛన్ల మీదికో, పిల్లలు చూడట్లేదన్న నిట్టూర్పు మీదికో పోతుంది. నేను ఈ రోజు అంతకన్నా చిన్న విషయమే అడుగుతున్నాను. ఎనభై ఏళ్ల మనిషి ఎవరి సాయం లేకుండా మందుల షాపుకో, గుడికో, స్నేహితుడి ఇంటికో వెళ్లి క్షేమంగా తిరిగి రాగలడా? రాలేకపోతే ఏమవుతుందో మన అపార్ట్‌మెంట్లలో చూస్తూనే ఉన్నాం. "ఈ ట్రాఫిక్‌లో మీరెందుకు నాన్నా, ఏం కావాలో చెప్పండి, ఆర్డర్ పెడతాను" అంటాడు కొడుకు, ప్రేమగానే. మందులు ఇంటికే వచ్చేస్తాయి. కాకపోతే షాపులో రెండు మాటలు, దారిలో తగిలే ఇద్దరు ముగ్గురు మనుషులు, ఆ కాస్త నడక, అన్నీ ఆగిపోతాయి. నెలలు గడిచేకొద్దీ ఆయన తిరిగే చోటు బాల్కనీ దాకా తగ్గుతుంది. వాడకం లేక కాళ్లూ ఇంకా బలహీనపడతాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో వయసు మళ్లినవాళ్లకి అనువైన నగరాల మీద ఒక మార్గదర్శిని తెచ్చింది. అందుకోసం 33 నగరాల్లో పెద్దవాళ్లనే కూర్చోబెట్టి అడిగారు. మన దేశం నుంచి ఢిల్లీ, ఉదయపూర్ ఉన్నాయి. వాళ్లు చెప్పినవాటిలో సరైన ఫుట్‌పాత్, కూర్చోడానికో బల్ల, శుభ్రమైన మరుగుదొడ్డి వంటి మామూలు విషయాలు చాలానే ఉన్నాయి.

మరుగుదొడ్డి సంగతి మన ఇళ్లల్లో గట్టిగా మాట్లాడుకోం. బయటికి వెళ్లాల్సిన రోజు మన అమ్మలూ అమ్మమ్మలూ పొద్దుటినుంచి మంచినీళ్లు తాగడం మానేస్తారు. బీపీకి వేసుకునే కొన్ని మాత్రలతో మూత్రం ఎక్కువ వస్తుంది కాబట్టి, ఆ పూటకి మాత్ర కూడా ఎగ్గొట్టేవాళ్లున్నారు. షుగర్ ఉన్న పెద్దాయనకీ, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దాయనకీ ఇదే టెన్షన్. బజారులో వాడదగ్గ మరుగుదొడ్డి ఒకటి లేకపోతే ఎండాకాలంలో ఆ ఎగ్గొట్టిన నీళ్లూ, మాత్రా మనిషిని ఆసుపత్రి దాకా తీసుకెళ్తాయి.

ఇక ఫుట్‌పాత్. రోడ్లు ఎలా ఉండాలో ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ సంస్థ నియమాల ప్రకారం దాని ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరంగుళాలు మించకూడదు. నడవడానికి కనీసం 1.8 మీటర్లు ఖాళీగా ఉండాలి. మన దగ్గర చాలాచోట్ల అడుగు ఎత్తు ఉంటుంది. ప్రతి గేటు ముందూ కారు ర్యాంపు కోసం తెగిపోతుంది. దిగాలి, పది అడుగులు నడిచి మళ్లీ ఎక్కాలి. మధ్యలో ట్రాన్స్‌ఫార్మర్, దాని పక్కన టిఫిన్ బండి, ఊగే టైల్సు. టిఫిన్ బండివాణ్ణి తరిమేయమని నేననను, అతనికీ చోటు కావాలి. కానీ ఈ దారిలో నాలుగుసార్లు ఎక్కి దిగిన పెద్దాయన అయిదోసారి రోడ్డు మీదే నడుస్తాడు. చంకలో బిడ్డ ఉన్న తల్లీ, బ్యాగు మోసే బడిపిల్లాడూ ఆయన వెనకే రోడ్డు మీదికి దిగుతారు.

అరుగుల గురించి మనం కవిత్వం చాలానే చెప్పుకున్నాం. అరుగు చేసిన పని మాత్రం సాదాసీదాది: అలిసినవాడు కూర్చుంటాడు. ఇప్పుడు మన బల్లలన్నీ పార్కుల్లో, గేటు లోపల ఉన్నాయి. బజారుకి వెళ్లే దారిలో లేవు.

బస్సు దగ్గరికొస్తే, తెలంగాణలో 2023 డిసెంబరు నుంచి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు నుంచి ఆడవాళ్లకి ఆర్డినరీ, ఎక్స్‌ప్రెస్ వంటి ఆర్టీసీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మంచి పని. కానీ ఆర్డినరీ బస్సు మొదటి మెట్టు ఇంకా మోకాలెత్తే. బస్సు స్టాపులో ఆగకుండా నాలుగడుగులు ముందుకెళ్లి ఆగుతుంది, పరిగెత్తినవాళ్లకే సీటు. టికెట్ తీసేయడం ఒక్క జీవోతో అయిపోయింది. ఆ మెట్టు కిందికి దిగాలంటే బస్సులే మారాలి.

మెట్టు దించిన ఊరు ఒకటుంది, జపాన్‌లోని టొయామా. జనాభా సుమారు నాలుగు లక్షలు, మన నెల్లూరు కన్నా, గుంటూరు కన్నా చిన్నది. ఊరు పల్చగా, దూరదూరంగా పెరిగిపోయింది. మంచు ఎక్కువ పడే ప్రాంతం కావడంతో అన్ని రోడ్ల మీదా మంచు తీయించడానికే బోలెడు ఖర్చు. కారు నడపలేని పెద్దవాళ్లు ఇళ్లల్లో ఉండిపోయారు. 2002లో మేయరైన మోరి మసాషి అక్కడివాళ్లకి తెలిసిన తినుబండారంతోనే తన ప్లాన్ చెప్పేవారు. బియ్యప్పిండి ఉండల్ని పుల్లకి గుచ్చి అమ్ముతారు కదా, పుల్ల ట్రామ్ లైను, ఉండలు స్టాపుల చుట్టూ ఉన్న పేటలు. 2006లో పాత రైలు మార్గం ఒకదాన్ని ట్రామ్‌గా మార్చారు. అంతకుముందు అరగంటకో గంటకో ఒకటి వచ్చేది, ట్రామ్ వచ్చాక పగలు పావుగంటకొకటి అయింది. ప్లాట్‌ఫామూ ట్రామ్ లోపలి నేలా ఇంచుమించు ఒకే ఎత్తు. చేతికర్రతోనైనా, పిల్లల బండితోనైనా నేరుగా లోపలికి నడిచి వెళ్లొచ్చు. ఎక్కేవాళ్లు రెట్టింపయ్యారు.

నాకు బాగా నచ్చింది వాళ్ల పాసు. 65 దాటినవాళ్లు పగటిపూట ఊళ్లో ఎక్కణ్ణుంచైనా నగరం నడిబొడ్డుకి 100 యెన్‌లకే వచ్చేలా దాన్ని పెట్టారు. మన డబ్బుల్లో అరవై రూపాయలనుకోండి. నడిబొడ్డులో ఎక్కడమో దిగడమో జరగాలన్నదే షరతు. దాంతో పెద్దవాళ్లు బజారుకొస్తారు, ఏదో ఒకటి కొంటారు, కొట్లవాళ్లకీ బేరం. ఇంకొకటి, మనవడినో మనవరాలినో వెంటబెట్టుకొస్తే జూ లాంటి నగరపాలక సంస్థ స్థలాల్లో ప్రవేశం ఉచితం. పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలా అని తలపట్టుకునే తల్లిదండ్రులకి ఇది ఎంత సాయమో వేరే చెప్పాలా! అలాగే పిల్లలు తగ్గి మూతపడిన ఒక బడి స్థలంలో పెద్దవాళ్లకి వ్యాయామ కేంద్రం కట్టారు.

మన ఊళ్లలో ట్రామ్ రావాలని నేననడం లేదు. టొయామా కూడా 7.6 కిలోమీటర్ల ఒక్క లైనుతోనే మొదలుపెట్టింది. మన దగ్గర ప్రభుత్వాసుపత్రి నుంచి రైతు బజారు మీదుగా బస్టాండు దాకా ఉన్న ఒక్క దారి తీసుకోవచ్చు. ఫుట్‌పాత్ ఆరంగుళాలకి దించి, గేట్ల దగ్గర తెగకుండా కలిపి, అక్కడక్కడా నీడలో బల్లలు వేసి, తాళం పడని మరుగుదొడ్డి ఒకటి పెట్టి, సిగ్నల్ టైమ్ సెకనుకి 0.8 మీటర్ల లెక్కన సరిచేస్తే చాలు. ముందు ఏ దారి పట్టుకోవాలో కన్సల్టెంట్ల నివేదిక దాకా ఆగక్కర్లేదు. మీ ఊరి పెన్షనర్ల సంఘంలో కూర్చుంటే, ఏ మలుపులో ఎవరు పడ్డారో తారీఖుతో సహా చెప్తారు.

సెలవు. నమస్కారం.